నల్లగుడ్డ గది, తెల్లగుడ్డ గది

నేను ఒక చెక్కపెట్టెను. మూత లేదు, తాళం లేదు. నడుమ ఒక అడ్డుపలక ఉంది, అందువల్ల రెండు గదులు. ఎడమ గది అంచుకు నల్ల రవికె గుడ్డ, కుడి గది అంచుకు తెల్ల పంచె గుడ్డ చిన్న మేకులతో కొట్టి ఉంటాయి. నల్లగుడ్డ గది పెట్టపిల్లలది. తెల్లగుడ్డ గది పుంజుపిల్లలది. నా గురించి తెలుసుకోవలసింది ఇంతే. చదువుకున్న ఒక అధికారికి ఈ మాత్రం కూడా అర్థం కాలేదు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

అంతకుముందు నేను బడి బల్లను. మంజీర ఒడ్డున ఒక ఊరి బడిలో ఇరవై ఆరేళ్లు ఐదో తరగతి గదిలో ఉన్నాను. పిల్లలు నా మీద పరీక్షలు రాశారు. పంతుళ్లు ఆ కాగితాలను నా మీదే పెట్టుకుని దిద్దారు. జవాబు చదివి మార్కు వేసే చేతికీ, చదవకుండా వేసే చేతికీ ఉన్న తేడా నాకు తెలుసు. చదివే చెయ్యి మధ్యమధ్య ఆగుతుంది.

కాలు విరిగాక నన్ను వరండాలో పడేశారు. వడ్ల బ్రహ్మయ్య నన్ను కోసి, బాలమణి కోసం ఈ పెట్టె చేశాడు. నల్లగుడ్డ గది అడుగున సిరా మరక ఇంకా ఉంది.

బాలమణికి పెట్టె ఎందుకంటే, ఆమె ఒకసారి మోసపోయింది. మోపెడ్ మీద గంపలు కట్టుకుని ఒకతను రంగు వేసిన కోడిపిల్లల్ని అమ్మడానికి వచ్చాడు. "గులాబీవి పెట్టలు, పచ్చవి పుంజులక్కా. ఇగ నీ ఇష్టం" అన్నాడు. భర్త పోయిన ఏడాది అది. గుడ్లమ్మి బతుకుదామని ఆమె ఇరవై గులాబీ పిల్లల్ని తీసుకుంది. మొదటి వానకు రంగు పోయింది. నాలుగు నెలలు నూకలు పోసి మేపాక ఇరవైకి ఇరవై కూతపెట్టాయి.

"బాలమణీ, నీ ఇంట్ల ఇరవై సార్లు తెల్లారుతుంది గదనే!" అంది పక్కింట్లో ఉండే ఆడబిడ్డ సాయవ్వ, గోడ మీద నుంచి.

"నవ్వు వదినా, నవ్వు. పుట్టినప్పుడే ఏది పెట్టనో ఏది పుంజో చూపెట్టే కోడిని తయారుజేస్త. అప్పుడు చూస్త నీ నవ్వు."

"తయారుజెయ్యనీకి అది మట్టికుండానే?"

అది కుండ పని కాదని బాలమణికీ తెలుసు. మేనత్త ఊరి నుంచి ఒక చారల పుంజును తెచ్చింది. పలక మీద సుద్దతో అడ్డగీతలు గీసినట్టు ప్రతి ఈక మీదా తెల్లచారలు. దాన్ని ఇంట్లోని గోధుమరంగు పెట్టలతో కలిపింది. మొదటి ఏడాది పిల్లలన్నిటికీ తల మీద తెల్లబొట్టు వచ్చింది కానీ, పెట్టకూ పుంజుకూ తేడా కనపడలేదు. రెండో ఏడాది అదే పుంజును దాని కూతుళ్లతో కలిపింది. ఈసారి కొన్ని పిల్లలు పాలిపోయిన నూగుతో, తల మీద బొట్టు చెదిరిపోయినట్టుగా పుట్టాయి. మిగిలినవి ముదురురంగులో, వీపున చారతో, నడినెత్తిన గురిగింజంత బొట్టుతో పుట్టాయి. పాలిపోయినవన్నీ పుంజులయ్యాయి. ఆ తర్వాతే ఆమె బ్రహ్మయ్య దగ్గరికి వెళ్లింది.

ఆమె పద్ధతి ఇది. పిల్లలు గుడ్డు నుంచి వచ్చి నూగు ఆరగానే ఒక్కొక్కదాన్ని అరచేతిలో పెట్టుకుని తల చూసేది. తిరగేసేది కాదు, నొక్కేది కాదు. చూసి, నాలో ఏదో ఒక గదిలో దించేది. తర్వాత కాలికి నల్లదారమో తెల్లదారమో కట్టేది. నాలుగు నెలలకు జుట్టూ కూతా వచ్చాక దారంతో సరిపోల్చేది. పిల్లలు తప్పినచోట తల్లినో తండ్రినో మంద నుంచి తీసేసేది. ఆమెకు చదువు రాదు. కానీ నేను చూసినవాళ్లలో అంత నిజాయితీగా దిద్దినవాళ్లు తక్కువ.

ఆమె కూడా ఒకసారి తప్పు చేసింది. నాలుగో ఏడాది నల్లదారం కట్టిన పిల్ల ఒకటి పుంజయింది. ముదురురంగు, ఎర్రటి జుట్టు, రాజసంగా నడిచేది. తన నియమం ప్రకారం తీసేయాలి. అందం చూసి ఉంచుకుంది. మరుసటి ఏడాది పెట్టపిల్లల్లో సగానికి తలమీద బొట్టే లేదు. పుంజుపిల్లల్లో సగం ముదురురంగుతో పుట్టి నల్లగుడ్డ గదిలో దూరాయి. బాలమణి ఎవరినీ నిందించలేదు. ఆ పుంజును తానే కోసి, కూర సాయవ్వకు పంపింది. "సోకులోడు రుచిగనే ఉన్నడు" అని సాయవ్వ గిన్నె తిరిగి పంపింది.

తొమ్మిదో ఏడాదికి నూటికి రెండు తప్పేవి.

అప్పుడే దగ్గు మొదలైంది. ఈకల దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందని, వానాకాలం వచ్చేలోపు కోళ్లు ఇంట్లో ఉండకూడదని డాక్టరు చెప్పాడు. అదే నెల పశువుల ఆఫీసువాళ్లు ఇళ్లలో పెంచే కోళ్ల రకాలను పరీక్షిస్తామని చాటించారు. నెగ్గిన రకం గుడ్లను సర్కారు కోళ్లఫారం తీసుకుంటుంది, మందను నిలుపుతుంది, ఊళ్లలో ఆడవాళ్లకు పిల్లల్ని పంచుతుంది. నెగ్గకపోతే చారల కోళ్లకు వేరే ఇల్లు లేదు. బాలమణి ఆశ అంతా ఆ ఒక్క రోజు మీదే పెట్టుకుంది. నన్ను కుంకుడుకాయ రసంతో కడిగింది.

పురుషోత్తం అనే అధికారి వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకు నింపాల్సిన ఫారం. కోళ్ల కంటే ముందు కుర్చీ చూశాడు. కూర్చుని మందను చూశాడు.

"ఇవి రెండు రకాలు కలిసిపోయినయమ్మా. పుంజులు తెల్లగున్నయి, పెట్టలు నల్లగున్నయి."

"కలవలే సారూ. ఏర్పడ్డయి. దానికోసమే తొమ్మిదేండ్లు తిప్పలవడ్డ."

"ఏకరూపత అని ముప్పై మార్కులున్నయి. పుంజు, పెట్ట ఒకే రంగుండాలె."

"ఒకే రంగుంటె మల్ల మోపెడాయన లెక్కనే గద సారూ!"

అతను పిల్లల వైపు తిరిగాడు. ఆ రోజు పుట్టిన పిల్లలు నా రెండు గదుల్లో ఉన్నాయి. లెక్కపెట్టడం సులువని రెండు గదుల పిల్లల్నీ ఒకే ప్లాస్టిక్ ట్రేలో గుమ్మరించాడు. పైకి ఎంత చిన్న పనిలా కనిపిస్తుంది! తిట్టడానికి నాకు మాటలు తెలుసు. ఇరవై ఆరేళ్లు బడిలో విన్నాను. వాడను.

బాలమణి దగ్గు ఆపుకుని నేల మీద కూర్చుంది. ముప్పైనాలుగు పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తి మళ్లీ నాలో దించింది. నలుపు, నలుపు, తెలుపు, నలుపు. ఒక్కదాని దగ్గరే ఆగింది, వెలుతురుకు తిప్పింది, తెల్లగుడ్డ గదిలో పెట్టింది. నాలుగు నెలలు ఆగి చూసుకోమంది, కావాలంటే తోక కింద నొక్కి చూసుకోమంది.

"బాగనే ఉందమ్మా. కానీ ఫారంల దీనికి గడి లేదు" అన్నాడు.

"గడి లేకుంటె గీయరాదా సారూ?" అంది గోడ అవతల నుంచి సాయవ్వ. "పిల్ల కాలికి కట్టే దారం లెక్క సన్నగ గీసినా సాలు."

అతను అట్టను నా అంచు మీద ఆనించి ఫారం నింపాడు. చెయ్యి ఒక్కసారి కూడా ఆగలేదు. ఏకరూపతకు సున్నా. చివరన, వచ్చే ఏడాదికి ఏదో ఒక రంగువాటినే ఉంచి రెండోవాటిని తీసేయమని సలహా. అంటే పెట్టలు లేని పుంజులనో, పుంజులు లేని పెట్టలనో పెంచమని. దాని కింద సంతకం. నకలు ఇచ్చి వెళ్లాడు.

నెల దాటాక బాలమణి పోయింది. పోవడానికి రెండు రోజుల ముందు కూడా ఒక పెట్ట కింద పదమూడు గుడ్లు పొదగేసింది.

పదకొండో రోజు చుట్టాలకు భోజనం పెట్టాలి. గంపలెత్తి తెల్లచారల పుంజులను పదకొండింటినీ కోశారు. పెట్టలను ఎవరికి తోచినన్ని వాళ్లు పట్టుకుపోయారు. తొమ్మిదేళ్ల పని ఒక పూటకు సరిపోయింది. కూర బాగుందన్నారు. ఆమె చేతి కోళ్లు కదా అని కూడా అన్నారు. సాయవ్వ ఆ రోజు తినలేదు. పొదిగే పెట్ట ఉన్న గంపను తన ఇంట్లో మంచం కింద దాచిందని నాకు తర్వాత తెలిసింది.

గుడ్లు పొదగేసిన ఇరవై ఒకటో రోజు సాయవ్వ నన్ను చంకన పెట్టుకుని తన వాకిట్లోకి తీసుకుపోయింది. తొమ్మిది పిల్లలు పుట్టాయి. ఆమె ఎప్పుడూ ఆ పని చేయలేదు, గోడ మీద నుంచి చూడడమే. మొదటి పిల్లను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాలమణీ, నాకు కండ్లు మసకనే" అంది గాలిలోకి. "తప్పైతె తిట్టకు."

నల్లగుడ్డ గదిలో ఆరు. తెల్లగుడ్డ గదిలో మూడు. ప్రతి దాని దగ్గరా ఆ చెయ్యి ఆగింది. తర్వాత దారాలు కట్టింది. నిజమేమిటో నాలుగు నెలలకు తెలుస్తుంది. మూడింటిలో ఒక్కటి పుంజయినా చారల కోళ్లు ఉంటాయి.

పిల్లల కాళ్లు జారుతున్నాయని నా అడుగున వేయడానికి కాగితం కోసం వెతికింది. బాలమణి ఇంటి చూరులో దొరికిన మందపాటి కాగితాన్ని తెల్లగుడ్డ గదిలో పరిచింది. దానిమీద ముద్ర ఉంది, సంతకం ఉంది, ఏకరూపతకు ఎదురుగా సున్నా ఉంది. సాయవ్వకు చదువు రాదు. పిల్లలకూ రాదు. నాకు వచ్చు. పుంజుపిల్లల్లో ఒకటి నడుచుకుంటూ వచ్చి, సరిగ్గా ఆ సంతకం మీద నిలబడి, తోక ఎత్తింది.