పరుపుకి ట్రయల్

మనిషి నడిచి వస్తుంటే చాలు, భుజం ఎంత, నడుం ఎంత, ఏ చెయ్యి అర అంగుళం పొడవో చెప్పేస్తాను. ముప్ఫై ఏళ్ళుగా కోట్లు కుడుతున్నవాణ్ణి. నేను మెడలో టేపు వేసుకునేది కొలవడానికి కాదు, కస్టమర్లకి నమ్మకం కుదరడానికి. అలాంటి నన్ను పట్టుకుని పరుపుల షోరూంలో ఒక అమ్మాయి, చేతిలో అట్టా, దాని మీద ఫారమూ పెట్టుకుని అడిగింది.

"మీ స్లీప్ స్టైల్ ఏంటి సార్?"

"స్టైలేముందమ్మా? కళ్ళు మూసుకుంటాను. కాసేపటికి నిద్రొస్తుంది."

"అది కాదు సార్. పక్కకి తిరిగి పడుకుంటారా, వెల్లకిలానా, బోర్లానా?"

"వెల్లకిలా. తిన్నగా. ఎలా పడుకున్నవాణ్ణి అలాగే లేస్తాను," అన్నాను.

నా వెనకాల మా ఆవిడ ముక్కుతో ఒక శబ్దం చేసింది. ఆ శబ్దానికి అర్థమేమిటో నాకు ఇరవై ఏడేళ్ళుగా తెలుసు.

"రాసుకోమ్మా," అంది మా ఆవిడ. "మొదట వెల్లకిలా. పది నిమిషాలకి కుడిపక్క. ఆ తర్వాత బోర్లా. ఆ తర్వాత అడ్డంగా. తెల్లారేసరికి దిండు కాళ్ళ దగ్గర, కాళ్ళు నా మీద."

అమ్మాయి ఫారం వైపు చూసి, "అయితే అన్నిటికీ టిక్ పెట్టేయనా?" అంది.

నాకు ఒళ్ళు మండింది కానీ నోరు మూసుకున్నాను. ఆ రోజు మా ఆవిడతో గొడవ పెట్టుకునే స్థితిలో లేను. నెలన్నరగా ఆవిడ మా గదిలో పడుకోవడం లేదు. మా పాత పరుపు మధ్యలో గుంట పడింది. నేను ఇటు దొర్లితే ఆవిడ అటు ఎగిరి పడుతోంది. ఒకరోజు దిండు చంకలో పెట్టుకుని వెళ్ళి నా కుట్టుగదిలో, గుడ్డల తానుల పక్కన దుప్పటి పరుచుకుంది. "నడుం సర్దుకునేదాకా నాలుగు రోజులు" అంది. ఆ నాలుగు రోజులూ నెలన్నరయ్యాయి. పైగా సోమవారం వడ్రంగి వస్తున్నాడు, ఆ గదిలో ఆవిడకి విడిగా ఒంటి మంచం చెయ్యడానికి.

దుప్పటి అయితే మడతపెట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు. మంచం అలా కాదు. అది ఒకసారి వచ్చి నాలుగు కాళ్ళూ మోపిందంటే ఇక కదలదు, దాని మీది మనిషీ కదలదు. ఆవిడ లేని గదిలో నాకు నిద్ర పట్టడం లేదు. ఈ మాట పైకి అనడానికి నామోషీ. అందుకని ఆదివారం పొద్దున్నే, "నీ నడుం కోసం పరుపు మారుద్దాం పద," అని బయల్దేరదీశాను. నచ్చిన పరుపు దొరికితే గదిలోకి వస్తానంది. దొరక్కపోతే వడ్రంగే.

షోరూంకి రోడ్డు వైపు గోడ లేదు, మొత్తం అద్దమే. ఎదురుగా బస్‌స్టాప్. బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ బస్సు వచ్చే వైపు మానేసి లోపల పరుపుల మీద ఎవరు పడుకుంటారా అని గుడ్లప్పగించి చూస్తున్నారు.

అమ్మాయి ముందుగా ఒక తెల్లటి పరుపు చూపించింది. "ఇది మెమరీ ఫోమ్ సార్. ఒంటిని గుర్తుపెట్టుకుంటుంది."

అరచెయ్యి నొక్కి తీశాను. చెయ్యి తీసేసినా అయిదు వేళ్ళూ కాసేపు అక్కడే ఉన్నాయి.

"వద్దమ్మా. గుర్తుపెట్టుకునేవాళ్ళు మా ఇంట్లో ఒకరున్నారు, చాలు."

"అయితే మీకు రెస్పాన్సివ్ ఫోమ్ కరెక్టు. భుజం దగ్గర దిగుతుంది, నడుం దగ్గర పైకి ఆనుతుంది. మీరు తిరగ్గానే టక్కున లేచి మామూలైపోతుంది. ఒకరెంత దొర్లినా రెండోవాళ్ళకి తెలీదు. ఇందులో మెత్తనిది, మధ్యరకం, గట్టిది అని మూడున్నాయి. పక్కకి తిరిగేవాళ్ళకి మెత్తనిది బావుంటుంది, బోర్లా పడుకునేవాళ్ళకి గట్టిది."

ఎక్కడ లూజు ఇవ్వాలి, ఎక్కడ పట్టుకోవాలి అన్నమాట. ఇది నా విద్యే. నాకు ప్రాణం లేచొచ్చింది.

"సరే, ట్రయల్ వేద్దాం," అన్నాను.

నా దగ్గర ట్రయల్ లేకుండా కోటు గడప దాటదు. కస్టమర్‌కి తొడిగి, ముందు, వెనక, పక్క, మూడు వైపులా చూసి, గుండుసూదులు గుచ్చి, సుద్దతో గీతలు పెట్టి, విప్పదీసి మళ్ళీ కుడతాను. పెద్ద పెద్దవాళ్ళే చేతులు చాపుకుని కదలకుండా నిలబడతారు. అదే పద్ధతిలో మా ఆవిడని గట్టి పరుపు మీద పడుకోబెట్టి చుట్టూ తిరిగాను.

"బల్ల మీద పడుకున్నట్టుందండీ," అంది ఆవిడ.

"నడుం కింద ఖాళీ కనిపిస్తోందమ్మా," అన్నాను అమ్మాయితో. "ఇక్కడ అర అంగుళం ఎత్తు పెంచాలి. భుజం దగ్గర ఒక అంగుళం తీసెయ్యాలి. ఎప్పటికిస్తారు?"

"సార్, పరుపులు ఆల్టర్ చెయ్యరు."

"ఆల్టర్ చెయ్యకపోతే రెడీమేడ్ అంటారు. రెడీమేడ్ ఈ లోకంలో ఎవరికీ సరిపోదు."

"ఏవండీ," అంది మా ఆవిడ పళ్ళ బిగువున, "బస్‌స్టాప్‌లో వాళ్ళు చూస్తున్నారు. కోటు సంగతి ఇంటి దగ్గర మాట్లాడుకుందాం."

మెత్తటి పరుపు మీద ఆవిడ పడుకోవడం బాగానే పడుకుంది, లేవడమే కుదరలేదు. నేను ఒక చెయ్యి, అమ్మాయి ఒక చెయ్యి పట్టుకుని లాగాం. అద్దం అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. మా ఆవిడ మొహం మాడ్చుకుని, "పదండి, వడ్రంగి నయం," అంది. బతిమాలి, బామాలి మూడోదాని మీద పడుకోబెట్టాను. మధ్యరకం. డెబ్భై రెండు అంగుళాల వెడల్పు, మా పాతదానంతే.

ఆవిడ అటు తిరిగి పడుకుంది. కాసేపయ్యాక, "రెండు నిమిషాలు ఉంటానండీ," అంది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

"మేడమ్ నిద్రపోయారు," అంది అమ్మాయి.

వంగి చూశాను. నిజంగానే నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే గీత లేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేను ఆవిడ నిద్రపోవడం చూడలేదని అప్పుడు తట్టింది. ముందు పడుకునేదీ నేనే, తర్వాత లేచేదీ నేనే.

ఒక లావుపాటాయన వచ్చి పరుపు అవతలి అంచున కూర్చోబోయాడు. అడ్డంగా నిలబడ్డాను.

"డిస్‌ప్లేనే కదండీ?" అన్నాడు.

"ట్రయల్ నడుస్తోంది," అన్నాను. ఆయన ఒకసారి మా ఆవిణ్ణి చూసి, నా మెడలో టేపు చూసి, నేనెవరో పెద్ద అధికారిననుకున్నాడేమో, వెనక్కి తగ్గాడు.

"ఇప్పుడు మీరు కూడా పడుకోవాలి సార్," అంది అమ్మాయి. "ఒకరు కదిలితే రెండోవాళ్ళకి తెలుస్తుందో లేదో అప్పుడే కదా తెలిసేది."

నేను పడుకోగానే ఆవిడ లేచిందనుకోండి, ఇక పాత పరుపు మీద నేరం మోపడానికి లేదు. ఆ నేరం నాదే. ఆ సంగతి ఆవిడకీ, ఈ అమ్మాయికీ, బస్‌స్టాప్‌కీ అందరికీ ఒకేసారి తెలిసిపోతుంది.

"ముందు కొలతలు తీసుకోనీ," అన్నాను.

చెయ్యి ఊరుకోక జేబులోంచి సుద్ద తీశాను. భుజం ఎక్కడ దిగిందో, నడుం ఎక్కడ ఆనిందో గుర్తుపెట్టుకుందామని మా ఆవిడ వీపు వెంబడి, మెడ దగ్గర్నుంచి మడమల దాకా పరుపు మీద గీత గీశాను.

"అంకుల్!" అని కేక పెట్టింది అమ్మాయి. కంగారులో సార్ కాస్తా పోయింది. "అది డిస్‌ప్లే పీసు!"

"మెల్లగా, మెల్లగా. దులిపితే పోతుందమ్మా. ఖరీదైన కోట్ల మీద గీసే సుద్ద ఇది."

అప్పుడు టేపు పెట్టి, పరుపు అంచు నుంచి గీత దాకా కొలిచాను. పంతొమ్మిది అంగుళాలు. టేపు మెలిక పడిందేమోనని మళ్ళీ కొలిచాను. మళ్ళీ పంతొమ్మిదే.

మొదట కోపం వచ్చింది. ఇంత పరుపు ఉండగా ఈ అంచున వేలాడ్డమేమిటి, చూసేవాళ్ళు నేను తోసేశాననుకోరూ? ఒక మోకాలు పరుపు దాటి గాల్లో ఉంది. ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. రెండో చేతివేళ్ళు పరుపు అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి, అంత నిద్రలోనూ. వెనకాల యాభై మూడు అంగుళాలు ఖాళీ. అక్కడ ఎవరూ లేరు. లేకపోయినా ఆవిడ ఒళ్ళు ఆ చోటు నాకు వదిలేసి పెట్టింది.

కస్టమర్ ఇచ్చిన గుడ్డలో జానెడు ముక్క కూడా నేనెప్పుడూ ఉంచుకోలేదు. మిగిలిన పీలికలు కూడా మడతపెట్టి కోటుతోపాటు ఇచ్చేస్తాను. ఈ విషయం నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను కూడా. డెబ్భై రెండులో సగం ముప్ఫై ఆరు. ముప్ఫై ఆరులో పంతొమ్మిది పోతే పదిహేడు. రోజూ రాత్రి పదిహేడు అంగుళాలు, ఇరవై ఏడేళ్ళు. నాకు తల కొట్టేసినట్టయింది.

"సార్, పడుకుంటారా?" అంది అమ్మాయి. ఆ అమ్మాయి గొంతు కూడా మెత్తబడింది.

చెప్పులు విప్పి అవతలి పక్కకి వెళ్ళాను. అటు అంచు నుంచి పంతొమ్మిది అంగుళాలు కొలిచి, సుద్ద గుర్తు పెట్టుకుని, ఆ మేరలోనే ఊపిరి బిగబట్టి పడుకున్నాను. మా ఆవిడ కదల్లేదు. అమ్మాయి మొహం వెలిగిపోయింది. "చూశారా, మేడమ్‌కి తెలియనే లేదు!" అని గుసగుసలాడింది.

పరుపు నెగ్గింది. నా పనే కష్టంగా ఉంది. అంత చోట్లో చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొట్ట మీద పెట్టుకుంటే మోచెయ్యి బయటికొచ్చింది. పక్కకి తిరిగితే మోకాళ్ళు బయటికొచ్చాయి. కుడి భుజం కొంచెం సర్దుకుందామని అర అంగుళం జరిగాను. అంతే, దబ్బున నేల మీద ఉన్నాను.

"అయ్యో, ఏవండీ!" మా ఆవిడ ఉలిక్కిపడి లేచి, ఆ చివర్నుంచి ఈ చివరికి పాక్కుంటూ వచ్చి తొంగి చూసింది. "ఇంత పరుపు పెట్టుకుని కింద ఎలా పడ్డారు?"

"నీ చోటెంతో అంత చోట్లో పడుకుని చూశాను," అన్నాను నేల మీంచే. "పంతొమ్మిది అంగుళాలు. కొలిచాను."

ఆవిడ వెనక్కి తిరిగి, తను పడుకున్న చోట సుద్దగీత చూసింది. చేత్తో తుడవబోయి ఆగింది.

"పంతొమ్మిదా?" అంది. "ఇంకా తక్కువ అనుకున్నాను."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"మొదట్లో మీరు పొద్దస్తమానం మిషన్ తొక్కి, ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి పడిపోయేవారు. పాపం, పడుకోనీలే అని జరిగాను. మీరు ఇంకొంచెం జరిగారు, నేనూ ఇంకొంచెం జరిగాను. ఆ తర్వాత ఇద్దరికీ అలవాటైపోయింది." చెంగుతో మొహం తుడుచుకుంది. "నెలన్నర కింద ఒకరోజు నేనూ ఇలాగే కింద పడ్డాను. ఇంత చప్పుడూ అయింది. మీరు లేవలేదు."

నడుం నొప్పి ఎక్కడిదో అప్పుడు తెలిసింది. అమ్మాయి ఫారంలోకి తల దూర్చేసింది. లావుపాటాయన పక్క పరుపు లేబుల్ చదవడం మొదలుపెట్టాడు.

"నన్ను తోసెయ్యాల్సింది," అన్నాను చివరికి.

"నిద్రపోయే మనిషిని ఎలా తోస్తామండీ?"

"చేత్తో."

లేచి వెళ్ళి పరుపు మధ్యలో, ఇంట్లో ఎలా పడుకుంటానో అలాగే కాళ్ళూ చేతులూ చాపుకుని, కళ్ళు మూసుకుని పడుకున్నాను.

"తొయ్యి."

"ఇక్కడా? అందరూ చూస్తున్నారు!"

"చూడనీ. ఇది ట్రయల్. కోటు లాగే, ఇక్కడ సరిగ్గా కూర్చుంటేనే ఇంటికెళ్ళాక కూర్చుంటుంది."

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత నా భుజానికి వేళ్ళు తగిలాయి, ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూసేటప్పుడు తాకినట్టు. నేను కదల్లేదు.

"గట్టిగా," అన్నాను కళ్ళు తెరవకుండా. "ఇరవై ఏడేళ్ళది బాకీ ఉంది. అంత గట్టిగా తొయ్యి."

అప్పుడు రెండు చేతులూ వేసి ఒక్క తోపు తోసింది. నేను దొర్లుకుంటూ వెళ్ళి అంచున ఆగాను. పడలేదు. కళ్ళు తెరిచి చూస్తే, నేను ఖాళీ చేసిన చోట పరుపు అప్పుడే పైకి లేచి చదునైపోయింది. మా ఆవిడ అక్కడికి జరిగి వెల్లకిలా పడుకుంది. ముందు ఒక చెయ్యి చాపింది. ఇంకా చోటుందా అన్నట్టు రెండో చెయ్యీ చాపింది.

అమ్మాయి దగ్గరికొచ్చి, డెలివరీ కాగితం మీద పెన్ను ఆనించి నెమ్మదిగా అడిగింది.

"మేడమ్, ఏ గదిలో వెయ్యమని రాయమంటారు?"

"మా గదిలో," అంది మా ఆవిడ.