పెద్దాయన పెట్టిన పేర్లు

మా పళ్ళ డాక్టరు గారికి ఉన్నట్టుండి జ్ఞానోదయమైంది. "నాలుగు వందల ఫైళ్ళూ నెలాఖరుకల్లా కంప్యూటర్‌లోకి ఎక్కాలి. నీ వల్ల అయితే సరే. లేదంటే బయట కంపెనీకి ఇస్తాను, వాళ్ళ మనిషే వచ్చి నీ కుర్చీలో కూర్చుంటుంది," అన్నారు. ఆరేళ్ళుగా వాచిన బుగ్గలకి అపాయింట్‌మెంట్లు రాస్తున్న కుర్చీ అది.

ఇంటికెళ్ళి, ఇందుకోసం ఏ కంప్యూటర్ భాష నేర్చుకోమంటారని అడిగాను. అదే నేను చేసిన పాపం.

"పీహెచ్‌పీ! డేటాబేస్‌తో పనంటే కళ్ళు మూసుకుని అదే," అన్నాడు అక్క మొగుడు, వెబ్‌సైట్లు తయారుచేసే మా బావ.

"కళ్ళు మూసుకునే రాస్తావుగా బావా, నీ సైట్లు చూస్తే తెలుస్తుంది," అంది చెల్లి. దానికి పైథాన్ అనే భాష తప్ప మిగతావన్నీ చెత్తబుట్ట సరుకు.

ఇద్దరూ జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. బావకి పట్టుకోడానికి జుట్టు లేదనుకోండి, అది వేరే సంగతి. నేను పొద్దున ఒకళ్ళ పాఠం, సాయంత్రం ఇంకొకళ్ళ పాఠం చూసి, ఏదీ తలకెక్కక, మూడు వారాలు నీళ్ళపాలు చేశాను. ఆఖరికి క్లినిక్‌లోని ముసలి కంప్యూటర్ మీద మూలగకుండా నడిచింది పీహెచ్‌పీయే కాబట్టి దాన్నే ఖాయం చేశాను. బావని బతిమాలి, చెల్లితో తిట్లు తిని, పేరు కొడితే ఫైలు వివరాలు వచ్చే పేజీ ఒకటి ఎలాగో నిలబెట్టాను.

గురువారం గర్వంగా, ఆరేళ్ళలో మొదటిసారి, ఫైళ్ళ బీరువా నా చేత్తో తెరిచాను. శుక్రవారంతో నెల సరి. మొదటి ఫైలు మీద పేరే లేదు. పెన్సిల్‌తో "గొడుగు మర్చిపోయినావిడ" అని ఉంది. రెండోది "డాక్టరు వేలు కొరికినాయన". లోపల పేర్లున్నాయి, కాకపోతే డాక్టరు గారి చేతిరాతలో. అది ఆయనకే అర్థం కాదు. పైనున్నవన్నీ ఫైళ్ళు తీసే పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా తన గుర్తుకోసం రాసుకున్నవి. ఎవరు ఎవరో ఆయనొక్కరికే తెలుసు. ఆయనేమో మర్నాడు సాయంత్రం పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఓరి దేవుడా!

"బాబాయ్, నా కుర్చీ పోయేలా ఉంది," అన్నాను ఆయనతో. ఏడుపొక్కటే తక్కువ.

"మూడు వారాలుగా నీ పక్కనే కూర్చున్నాను కదమ్మా. ఒక్కసారైనా అడిగావా?" అంటూనే టీ గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టారు. రెండు రోజులూ ఆయన చెప్పడం, నేను కొట్టడం. అసలు పేరుకొక గడి, ఆయన పెట్టిన పేరుకొక గడి. తిండి కూడా బీరువా దగ్గరే.

శుక్రవారం సాయంత్రం డాక్టరు గారు వచ్చి, "ఏదీ, ఆ గొడుగావిడది తియ్యి," అన్నారు. ఆయనకీ అసలు పేరు తెలీదు! "గొడుగు" అని కొట్టాను. టక్కున వచ్చింది. ఆయన తెర వంక చూసి, భయంతో లేచి నిలబడ్డ నన్ను చూసి, "సరే, కూర్చో," అన్నారు. ఆ ఒక్క మాటకి నా కళ్ళు చెమర్చాయి.

ఇంకొక్క ఫైలు మిగిలింది. పెద్దాయన సంచి భుజానికి తగిలించుకుంటూ, "అది నీదేనమ్మా. ఉద్యోగానికి ముందు పేషెంటుగా వచ్చావుగా," అన్నారు.

మీద పెన్సిల్‌తో రాసి ఉంది: "ఏ పన్ను నొప్పో తేల్చుకోలేని పిల్ల."

"చెరిపెయ్యనా?" అన్నారు, మొహమాటంగా.

"వద్దులే బాబాయ్," అని ఉన్నదున్నట్టు కొట్టాను.