సామాన్ల గదిలో పూసిన గుమ్మడి

నీరెండ గోడెక్కే వేళకి ఆవిడ చిన్న కత్తెర గౌను జేబులో వేసుకుని పెరట్లోకి వచ్చింది. గుడ్డ కోసే పెద్ద కత్తెర కాదు, దారాలు తెంపుకునేది. నాలుగు వీధుల బట్టలూ కుట్టే మనిషి కాబట్టి ఆవిడ దగ్గర కత్తెర ఉంటే ఎవరికీ వింత కాదు.

గుమ్మడి పాదు గోడ పొడుగునా పాకి, పంపు గొట్టాన్ని చుట్టేసి, సామాన్ల గది రేకు మీదికెక్కి కూర్చుంది. రేపు విచ్చుకునే మొగ్గేదో, ఎల్లుండి దాకా ఆగే మొగ్గేదో ఆవిడకి చూడగానే తెలుస్తుంది. రేపటి మొగ్గ మెలిపెట్టి పిండిన రుమాలులా బిగుసుకుని, కొసన పసుపు తిరిగి ఉంటుంది. అలాంటివన్నీ ఏరి ఏరి, పొడుగు కాడలతో కత్తిరించింది. అడుగున బుల్లి పిందె ఉన్న మొగ్గల్ని కోయడానికి మాత్రం మనసొప్పక, వాటి మూతికి ఆకుపచ్చ దారం చుట్టి ముడేసింది. ఆకుల్లో ఆకుపచ్చ దారం ఎవరికి కనిపిస్తుంది? కోసిన మొగ్గల్ని సామాన్ల గదిలోకి తీసుకెళ్ళి, పాత బకెట్లో నీళ్ళు పోసి నిలబెట్టింది. రేపు పూసేదాన్ని చెత్తలో పారేయడానికి చేతులు రావాలి కదా. తలుపు గడియ పెట్టి, ఏమీ ఎరగనట్టు వచ్చి మిషను ముందు కూర్చుంది.

ఇదంతా గువ్వ కోసం.

గువ్వ ఆవిడ కూతురు. ఇంట్లో పిలుచుకునే పేరు అది. చిన్నప్పుడు ఒకసారి తేనెటీగ దాని కనురెప్ప మీద కుట్టింది. మొహమంతా పొంగిపోయి, కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవలసి వచ్చింది. చెప్పులైనా వేసుకోకుండా పిల్లని భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తిన ఆ మిట్టమధ్యాహ్నం ఆవిడ అరికాళ్ళ కింద ఇప్పటికీ కాలుతూనే ఉంది. అప్పట్నుంచి ఏది ఝుమ్మన్నా ఆవిడ గుండె గుభేలుమంటుంది. కుట్టుమిషనుకి మోటారు పెట్టిస్తానని మొగుడు ఎన్నిసార్లన్నా వద్దని కాలితోనే తొక్కుకుంటోంది.

అలాంటిది, అదే పిల్ల తేనెటీగల్ని వెతుక్కుంటూ వెళ్తే ఏ తల్లి ప్రాణం నిలుస్తుంది?

గువ్వ పనిచేసే ఫోటో స్టూడియో మూతపడ్డాక అది తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. రోజులు నెలలయ్యాయి. గుమ్మం దగ్గర కంచం పెడితే సగం తిని బయట పెట్టేసేది. తలుపుకి చెవి ఆనిస్తే మంచం కిర్రుమన్న చప్పుడైనా వచ్చేది కాదు. ఆవిడ నేల మీద బోర్లా పడుకుని, తలుపు కింది సందులోంచి కూతురి నీడ కోసం చూసేది. నీడ కదిలితే లేచి వంట చేసుకునేది.

ఒక పొద్దున కిటికీలోంచి ఒక తేనెటీగ ఆ గదిలోకి వచ్చింది. గదంతా తిరిగి తిరిగి అది బయటికి పోతుంటే, దాని వెనకాలే మెడలో కెమెరాతో గువ్వ బయటికొచ్చింది. చిక్కుపడ్డ జుట్టుతో, ఎండకి కళ్ళు చిట్లించుకుంటూ, నిద్రలో నడిచే మనిషిలా పెరట్లోకి నడిచిపోయింది. తలుపు తెరుచుకున్నందుకు సంతోషపడాలో, తెరిపించింది తేనెటీగ అయినందుకు ఏడవాలో ఆవిడకి తెలియలేదు.

ముందు పాత దోమతెర చింపి టోపీ కుట్టింది. మెడ దగ్గర ఎలాస్టిక్ కూడా వేసింది.

“ఏంటమ్మా ఇది? నన్ను పార్శిల్ కట్టి ఎక్కడికైనా పంపిస్తున్నావా?” అంది గువ్వ.

“పెట్టుకోవే నా తల్లీ. గాలి బాగానే ఆడుతుంది. నేను పెట్టుకుని పడుకుని చూశాను.”

“గాలి ఆడుతుంది గానీ కన్ను ఆనదు కదమ్మా. కెమెరాలోంచి చూడాలంటే ఈ తెర అడ్డం. చీకట్లో నువ్వు సూదిలో దారం ఎక్కించగలవా?”

“ఎక్కిస్తాను.”

“ఎక్కిస్తావులే. నీతో ఎవరు గెలుస్తారు!”

టోపీ మేకుకి వేలాడింది. గువ్వ గుమ్మడి పువ్వు ముందు గొంతుక్కూర్చుంది. “వాటి వెంట పరిగెత్తకూడదమ్మా,” అని గుసగుసగా చెప్పింది. “పువ్వు మీద ఫోకస్ పెట్టుకుని ఊరికే కూర్చోవాలి. లోపలికి దూకే ముందు అది గాలిలో ఒక్క క్షణం ఆగుతుంది. నాకు కావలసింది ఆ క్షణమే.”

ఆవిడకి వినిపించింది ఒక్కటే, కూతురి కన్ను పువ్వుకి జానెడు దూరంలో ఉంటుందని. అదే కన్ను. అదే రెప్ప. ఆ సాయంత్రమే కత్తెర జేబులోకి చేరింది.

తర్వాత రోజు నుంచి పెరట్లో పూలు లేవు. సబ్జా వెన్నులు కూడా ఎవరో గిల్లేసినట్టు మొండిగా నిలబడ్డాయి. తేనెటీగలు వచ్చి, గోడ మీద ఒక చుట్టు తిరిగి, చిరునామా తప్పిపోయిన చుట్టాల్లా వెళ్ళిపోయేవి.

“సాయంత్రం ఉన్న మొగ్గలు తెల్లారేసరికి ఉండట్లేదమ్మా.”

“ఎలుకలేమోనే.”

“కాడ ఇంత నున్నగా కొరుకుతాయా? కత్తెర తెచ్చుకున్నాయేమో!” అని గువ్వ నవ్వింది. ఆవిడ జేబు మీద చెయ్యి వేసుకుంది.

గువ్వ నాన్న బేకరీలో పొయ్యి దగ్గర పని చేస్తాడు. తెల్లారకముందే వెళ్ళి, ఎండెక్కాక కనుబొమల నిండా పిండితో ఇంటికొస్తాడు. ఆయనా పాదు వంక చూసి తల పట్టుకున్నాడు.

“పిందెలన్నీ పసుపు తిరిగి కుళ్ళిపోతున్నాయేమే! మనింట్లో పెరిగిన పాదు కదా, దీనికీ నీ భయం అంటుకుంది. కాయాలంటేనే హడలిపోతోంది.”

“అన్నిటికీ నేనే దొరుకుతాను మీకు,” అంటూ ఆవిడ మిషను గట్టిగా తొక్కింది.

గోడ అవతల రిటైరైన నర్సమ్మ ఉంటుంది. మొక్కలకి నీళ్ళు పోస్తూ నర్సమ్మే పలకరించింది. “ఏంటి వదినా, మొహం అలా పీక్కుపోయింది?”

“మళ్ళీ కుడితే పిల్ల బతుకుతుందా వదినా?”

“రెప్ప మీద కుడితే ఎవరికైనా మొహం పొంగుతుంది. ఆ పూట దానికి ఊపిరేమీ ఆడకుండా పోలేదు కదా. మొన్న భుజం మీద కుట్టించుకుంది, నీకు చెప్పలేదా? శనగగింజంత వాచి, సాయంత్రానికి తగ్గిపోయింది. నేనే ఐసు పెట్టాను.”

కుట్టిందా? కుట్టినా తిరుగుతోందా? చెప్పకుండా దాచిందా? ధైర్యం రావలసిన మాటకి ఆవిడకి మరింత భయమేసి, ఆ వేళ ఇంకో నాలుగు మొగ్గలు ఎక్కువ కోసింది.

ఆ సాయంత్రమే భోజనాల దగ్గర గువ్వ కంచంలోకి చూస్తూ అంది, “రేపు పొద్దున కెమెరాలు బాగుచేసే మామయ్య వస్తాడు. నా కెమెరా ఇచ్చేస్తున్నాను. ఎవరో కొంటామన్నారట.”

“అదేమిటే?” అన్నాడు నాన్న.

“పూలే లేని చోట కూర్చుని ఏం తీయను నాన్నా? ఒక్కటంటే ఒక్కటి బాగా వచ్చుంటే ఆగేదాన్ని. నా మొహం చూసి తేనెటీగలు కూడా రావట్లేదు.”

అమ్మయ్య అనుకుంది ఆవిడ. పీడ విరగడైంది, ఇంక నిశ్చింతగా నిద్రపోవచ్చు అనుకుంది. గువ్వ చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆ వెంటనే గడియ పడింది.

ఆ చప్పుడు తేనెటీగ ముల్లు కంటే లోతుగా దిగింది.

తెల్లారింది. మొగుడు అప్పటికే వెళ్ళిపోయాడు. ఆవిడ వెళ్ళి సామాన్ల గది తలుపు తీసింది.

లోపల పూలన్నీ విచ్చుకుని ఉన్నాయి. విరిగిన కుర్చీకీ, ఖాళీ డబ్బాలకీ మధ్య, చీకట్లో, బకెట్ నిండా పసుపు. ఎవరూ చూడకపోయినా, రమ్మని ఎవరూ పిలవకపోయినా, నీళ్ళలో నిలబడి వాటి వేళకి అవి పూశాయి. పచ్చి వాసనతో గదంతా మెత్తగా ఉంది. రోజూ ఇలాగే పూసేవి, రోజూ ఇక్కడే వాడేవి. ఆవిడ వాటిని చూస్తూ నిలబడింది. తలుపేసుకున్న గదిలో మంచం మీద పడుకున్న పిల్ల గుర్తొచ్చింది. తెలిసి తెలిసి, పూవుని గదిలో పెట్టి గడియ వేసిందెవరు?

వచ్చి కూతురి తలుపు తట్టింది. “లేవ్వే గువ్వా! మామయ్య వచ్చేలోగా లే. కెమెరా తీసుకుని రా.”

గువ్వ కళ్ళు నులుముకుంటూ వచ్చింది. గట్టు మీద బకెట్ని చూసింది. తల్లిని చూసింది. గౌను జేబులోంచి తొంగిచూస్తున్న కత్తెర పిడినీ, పక్కనే ఆకుపచ్చ దారం ఉండనీ చూసింది.

“ఎలుక నువ్వా అమ్మా?”

“నేనే,” అంది ఆవిడ. “తిట్టేది తర్వాత తిట్టు. ముందు ఎండ చూడు, గోడ మీదికి వచ్చేసింది. పూలు కాసేపట్లో ముడుచుకుపోతాయి.”

బకెట్ పెట్టిన గట్టు నీడలో ఉంది. ఎండ గోడ అంచున ఒక చారలా మాత్రమే పడుతోంది. “పువ్వు ఎండలో ఉండాలి, ఫోటోలో తేనెటీగ రెక్క కదలకుండా ఆగాలంటే వెలుగు బోలెడు కావాలి,” అని గువ్వ అటూ ఇటూ చూసింది. గోడ మీద పువ్వు నిలబెట్టే చోటు లేదు.

ఆవిడ ఒక పువ్వు తీసి, కాడ పట్టుకుని, చెయ్యి ఎండలోకి చాపింది.

“అమ్మా, వద్దు. నువ్వు జడుసుకుంటావు.”

“జడుసుకుంటాను. నీ పని నువ్వు కానీ.”

గువ్వ కెమెరాకి కన్ను ఆనించింది. ఎండ పువ్వు గుండా దిగి ఆవిడ వేళ్ళని పసుపు చేసింది. ఎక్కడి నుంచో ఆ చప్పుడు మొదలైంది. ముందు ఒకటి. తర్వాత రెండు మూడు. ఆవిడ మనసులో మొహాలు పొంగాయి, ఆసుపత్రి వరండాలు తెరుచుకున్నాయి. చెయ్యి వాస్తే మిషను ఎవరు తొక్కుతారు, అంగీలు గడువుకి ఎవరు కుట్టి ఇస్తారు, చెవిలో దూరితేనో... అన్నీ వచ్చాయి, వరసగా. చెయ్యి మాత్రం కదలలేదు. సూది బెజ్జం ముందు దారం పట్టుకున్నట్టు ఊపిరి బిగబట్టింది.

ఒక తేనెటీగ పువ్వులోకి దూకింది. వేళ్ళ దాకా ఆ వణుకు సన్నగా పాకింది. అది కుట్టడం కాదు, లోపల ఎవరో చిన్న మిషను తొక్కుతున్నట్టుంది. కాసేపటికి అది ఒంటినిండా పుప్పొడితో బయటికొచ్చింది. కనుబొమలు కూడా పసుపే, పొయ్యి దగ్గర్నుంచి ఇంటికొచ్చిన మనిషిలా. వచ్చి, వెళ్ళిపోకుండా, ఆవిడ మొహం ముందు గాలిలో ఆగింది. ఈవిడ దాన్నీ, అది ఈవిడనీ చూసుకున్నారు. పెరడంతా ఆ కాస్త చోట నిలిచిపోయింది.

కెమెరా చప్పుడైంది.

“వచ్చింది,” అంది గువ్వ. తర్వాత మళ్ళీ గట్టిగా, “అమ్మా, వచ్చింది!”

చిన్న తెర మీద చూపించింది. రెక్క మీది గీతలు కూడా లెక్కపెట్టేలా ఉన్నాయి. కాళ్ళకి రెండు పసుపు మూటలు. కింద దేన్నీ తాకకుండా, ఆకాశంలో కుట్టి వదిలేసిన గుండీలా అది అలా నిలబడి ఉంది. వెనకాల మసకమసకగా ఒక రంగు.

“ఆ మసక ఏమిటే?”

“నువ్వేనమ్మా.”

వీధి తలుపు దగ్గర కెమెరాలు బాగుచేసే ఆయన గొంతు వినిపించింది. గువ్వ పరిగెత్తింది. “అమ్మడం లేదు మామయ్యా, కానీ రండి, ఒకటి చూపిస్తాను!” అనడం పెరటిదాకా వచ్చింది.

ఆ సాయంత్రం కూడా నీరెండ వేళకి ఆవిడ పెరట్లోకి వచ్చింది. మొగ్గల మూతులకి చుట్టిన దారాలు ఒక్కొక్కటే జాగ్రత్తగా విప్పి, ఉండగా చుట్టి జేబులో వేసుకుంది. రేపటి మొగ్గల్ని వేలితో తాకింది, కోయలేదు. పడమట నల్లగా మబ్బు పట్టి ఉంది.

“గువ్వా!” అని లోపలికి కేకేసింది. “వాన వచ్చేలా ఉందే. పాపం అవి ఎక్కడ తలదాచుకుంటాయో! రెక్కలు తడిస్తే ఎగరగలవా? ఏమైనా అవదు కదా వాటికి?”