మ్యాప్‌లో నీలం దారి

కొలిచేవాడు ఫలానా అంకె రావాలని దేవుణ్ణి కోరుకోవచ్చా? పదకొండేళ్లుగా నన్ను తొలిచే సందేహం ఇది. పొద్దున్నే దండం పెట్టుకుని ఆఫీసుకొస్తాను. ఉపగ్రహం పంపిన బొమ్మలు చూసి, ధ్రువసముద్రంలో మంచు ఎంత జరిగిందో, ఎంత తగ్గిందో రాస్తాను.

ఆ రోజు కోరుకోకుండా ఉండడం కష్టమైంది. మా ఆవిడ తమ్ముడు ఎలక్ట్రీషియన్‌గా ఉన్న సరుకుల ఓడ ఆ మంచు అంచునే ఉంది. ముందురోజు మేం పంపిన మ్యాప్‌లో మంచు మధ్య నీలంగా, అంటే ఖాళీ నీళ్లుగా, ఒక దారి ఉంది. పదకొండింటికి ఓడ అందులోకి తిరుగుతుంది. ఇరుక్కుంటే మంచు దాని పక్కల్ని నొక్కేస్తుంది. ఇంకా నలభై నిమిషాలు.

దారికి అటూ ఇటూ ఉన్న రెండు పగుళ్లను నిన్నటి బొమ్మలో, ఇవాళ్టి బొమ్మలో పట్టుకుని కొలిచాను. రెండూ ఒకే వైపు, తొమ్మిదేసి కిలోమీటర్లు జరిగాయి. మధ్యలో నీళ్లుంటే అటు మంచు, ఇటు మంచు దేని దారి అది చూసుకోవాలి కదా. మళ్లీ రెండుసార్లు కొలిచాను. తొమ్మిదే.

మా విభాగాధికారిని అందరం పెద్దక్క అంటాం. పరుగున వెళ్లాను.

“పెద్దక్కా, అది సముద్రం కాదు. మంచు కరిగి దాని మీదే నిలిచిన నీళ్లు. ఉపగ్రహం పొరబడింది.”

“ఉపగ్రహం పొరబడదు తమ్ముడూ, మనం పొరబడతాం. బావమరిది ఉన్నాడని భయంతో చూడలేదు కదా?”

“భయంతోనే చూశాను. అందుకే మూడుసార్లు కొలిచాను.”

ఆవిడ రేడియో అందుకుంది. కెప్టెన్ మండిపడ్డాడు.

“నిన్న వెళ్లమన్నారు, ఇవాళ వద్దంటున్నారు. చుట్టూ తిరిగితే రెండు రోజులు. డీజిల్ మీ మ్యాప్ పోస్తుందా?”

“ఒక్కసారి ఆగి చూడండి. నీళ్లే అయితే నన్ను తిట్టుకోండి,” అంది పెద్దక్క.

“అది ఎలాగూ చేస్తాను.”

రేడియో మూగబోయింది. చేతులు జోడించబోయి ఆగాను. ఏమని అడగాలి? నా లెక్క నిజం కావాలనా? చివరికి, ఉన్నది ఉన్నట్టు కనబడనీ స్వామీ అనుకున్నాను. గడియారం పదకొండు దాటింది. పావుగంట గడిచింది.

“తాళ్ల నిచ్చెన మీద మనిషిని దింపాం,” కెప్టెన్ గొంతు తగ్గింది. “మోకాలి లోతు నీళ్లు, కింద గట్టి మంచు. దిగింది మీవాడి బావమరిదే. బూట్లలోకి నీళ్లు పోయాయని బావగారినే తిడుతున్నాడు.”

నేను మ్యాప్‌లో ఆ నీలాన్ని చెరిపి మంచు రంగు వేశాను.

తప్పు మ్యాప్ వెళితే, బాధ్యులెవరో పుస్తకంలో రాయాలి. పెద్దక్క తన పేరు రాయబోయింది. ఎనిమిదేళ్ల కిందట కూడా అలాగే రాసుకుంది. అప్పుడు మేఘం నీడను పగులనుకున్నది నేను. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని ఆవిడ తన మీద వేసుకుంది. నేను నోరెత్తలేదు.

“పెన్ను ఇలా ఇవ్వండి. ఆ నీలం వేసింది నేను.”

“మ్యాప్ మీద సంతకం నాదిగా?”

“సంతకం సంగతి పక్కన రాయండి.”

నా పేరు రాశాను. తర్వాత పేజీలు వెనక్కి తిప్పుకుంటూ పోయి, మేఘం నీడ ఉన్న వరుస వెతికి, ఆవిడ పేరు కొట్టేసి నాది రాశాను.