కాగితం కోసిన కత్తెర

ఇలా దగ్గరగా జరిగి కూర్చో తల్లీ. చెవి ఇటు పడెయ్. నా గొంతు పెద్దది కాదు, రెండు రేకులు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు కిర్రుమంటుంది. చదువంటావా, అక్షరమ్ముక్క రాదు. కానీ ఏ గుడ్డ ఎవరి ఒంటికి కోశానో, ఆ రోజు బయట ఎండ కాసిందో వాన పడిందో, అన్నీ గుర్తే. చెబుతాను, మధ్యలో లేచి వెళ్ళకు.

నేను ఒక కత్తెరను. పుట్టుకతో కాదులే. అంతకుముందు ఒక లారీ కింద కమానులో ముక్కను. బరువు మోసీ మోసీ ఒకనాడు పార్వతీపురం దారిలో విరిగాను. విరిగినదాన్ని మనుషులు ముందు తిడతారు, తరవాత అవసరం పడితే కాల్చి, సాగగొట్టి, కొత్త పేరు పెడతారు. ఆ కమానులో ఎక్కువ భాగం పెద్ద కత్తెర అయింది. మిగిలిన ముక్క ఊరికే పోవడమెందుకని కమ్మరి నన్ను చేశాడు. అరచేతికంటే కాస్త పెద్దదాన్ని, అంతే.

నన్ను కొన్నవాడు విజయనగరంలో దర్జీ బుచ్చెన్న మేస్త్రి. ఆయన కొట్లో ఒకే కట్టుబాటు. బట్ట కోసే కత్తెరతో కాగితం కోయకూడదు. కాగితం తగిలితే పదును చచ్చి, ఆ తరవాత మెత్తని గుడ్డని కూడా పీకుతుంది. ఎవరో కుర్రాడు పొట్లం విప్పడానికి నన్నందుకుంటే మేస్త్రి గజంబద్ద తీసుకుని వీధి చివరిదాకా తరిమాడు. ఆయన కూతురు నూకరత్నం ఆ కొట్టులోనే, పీలికల గుట్ట మీద పెరిగింది. పెళ్ళయి వెళ్ళేటప్పుడు నగల సంగతి అడగలేదు. నన్ను చీర మడతలో దాచుకుని పోయింది. మేస్త్రికి తెలుసు, చూడనట్టు అటు తిరిగి గుండీలు కుట్టుకున్నాడు.

ఆమె పెనిమిటి ఓడ ఇంజను గదిలో పనివాడు. అతని వెంట సీమకి వెళ్ళాం. అదే, ఇంగ్లండు. మా కాలంలో సీమ అనే అనేవాళ్ళం. రేవు పట్నం, ఎప్పుడూ తడిసిన గోనెసంచిలాంటి ఆకాశం. కొడుకు పైడిరాజు బడికి పోతుండగానే ఆ పెనిమిటి జబ్బు చేసి పోయాడు. నూకరత్నం ఏడ్చినంతసేపు ఏడ్చి, నౌకాదళం గేటు ఎదురుగా ఉన్న దర్జీ షాపులో పనికి కుదిరింది. నావికుల చొక్కా చేతుల మీద పట్టీలూ లంగరు బొమ్మలూ కుట్టే పని. షాపు పనికి షాపు కత్తెర, ఇంటి పనికి నేను.

రోజూ ఆ పట్టీలు కుట్టే తల్లిని చూసీ చూసీ పైడిరాజు కూడా నౌకాదళంలో చేరాడు. ఓడలో ఎవరి గుండీ ఊడితే వాడే కుట్టుకోవాలట. అందుకని ప్రతివాడి దగ్గరా సూదీ దారం పెట్టుకునే చిన్న సంచి ఉంటుంది. నూకరత్నం అందులో నన్ను పెట్టింది.

"ఒరే బావూ, దీంతో గుడ్డే కొయ్యాల. తాత మాట గేపకం ఉందా?"

"ఉందమ్మా. కాగితం కోత్తే గజంబద్ద."

"నవ్వకు. నానూ తెచ్చుకోగల్ను గజంబద్ద."

అలా నేను సముద్రం మీదికి వెళ్ళాను. పైడిరాజు మంచి నావికుడు. నేను చెప్పడం కాదు, ఇత్తడి పతకమే ఇచ్చారు. వాడికి ఆ ఓడలో గారెత్ అని ఒక స్నేహితుడు. వంటగదిలో పని, ఎర్రజుట్టు, సన్నటి మనిషి. తల్లి చిన్నప్పుడే పోయింది. ఉన్నది ఒక అక్క, ఆవిడా ఎక్కడో దూరాన. సెలవులకు వాడికి వెళ్ళే ఇల్లు లేక పైడిరాజు తన ఇంటికి తీసుకొచ్చాడు.

నూకరత్నం వాణ్ని ఎగాదిగా చూసింది. "ఈ గుంటడేటిరా, కర్రకి కోటు తొడిగినట్టున్నాడు" అంటూ నెత్తళ్ళ చేపల పులుసు వడ్డించింది. వాడు తెలుగులో ముందుగా నేర్చుకున్న మాట "చాలు". ఆ మాట వాడు ఎన్నిసార్లు అన్నా ఆమె ఒక్కసారీ విన్నది లేదు. ఆ సెలవుల్లోనే ఆకుపచ్చ గళ్ళ ఉన్నిగుడ్డ కొనుక్కొచ్చి రెండు చొక్కాలు కుట్టింది. ఒకటి కొడుక్కి, ఒకటి గారెత్‌కి. ఒకే తాను, ఒకే కొలత. రెండూ నేనే కోశాను. ఆ కుర్రాళ్ళు ఒకరినొకరు ఎలా చూసుకునేవారో నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైందనుకుంటాను. గుడ్డ కోసేటప్పుడు ఒకసారి ఆగి, వాళ్ళవంక చూసి, మళ్ళీ కోసింది.

ఆ రోజుల్లో అక్కడ ఒక నియమం ఉండేది. మగవాణ్ని ప్రేమించే మగవాడు దళంలో ఉండకూడదు. తుపాకి గురి కుదిరినా, తుపానులో ఓడ నిలబెట్టినా, అది తెలిస్తే చాలు, బయటికి గెంటేస్తారు. మనుషులు సముద్రానికి భయపడరు, ఇలాంటివాటికి భయపడతారు. నాకు ఎప్పటికీ అంతుపట్టలేదు.

ఎవరో ఒకడు పైవాళ్ళకి వీళ్ళవైపు వేలు చూపించాడు. ఇద్దరి పెట్టెలూ వెతికారు. ఒకే గుడ్డ చొక్కాలు రెండు దొరికాయి. పైడిరాజుని ఒక గదిలో కూర్చోబెట్టి, తల్లి ముందు నోరు విప్పలేని ప్రశ్నలన్నీ అడిగారు. అవి నేను నీకు చెప్పను. ఈ ఒక్కటీ చెబుతాను.

"ఈ చొక్కా కుట్టిందెవరు?"

"మా అమ్మ."

"వాడికెందుకు కుట్టింది?"

"చలిగా ఉంటే."

ఆ జవాబు వాళ్ళకి చాలలేదు. చివరికి అడిగినదానికి అవునన్నాడు. పక్క గదిలో గారెత్ కూడా అవునన్నాడు.

పంపేసే రోజున పైడిరాజు సంచి బల్ల మీద గుమ్మరించారు. టోపీ ఒక పక్కకి, పతకం ఒక పక్కకి లాగేసుకున్నారు. తరవాత అధికారి వాడి సర్వీసు పత్రం తీశాడు. దళంలో ఎన్నాళ్ళున్నాడో, ఎలా నడుచుకున్నాడో అంతా రాసి ఉండే దళసరి కాగితం. అవమానంతో పోయేవాడికి ఆ పత్రం మూల కోసి ఇవ్వడం వాళ్ళ ఆచారం. మూల లేని పత్రం చూస్తే చాలు, చదవక్కర్లేదు, ఏ యజమానీ పనివ్వడు. అధికారి తన కత్తెర కోసం సొరుగులు వెతికాడు. దొరకలేదు. బల్ల మీద నేను కనబడ్డాను.

పైడిరాజు అప్పటిదాకా రాయిలా నిలబడ్డవాడు ఒక్కసారిగా ముందుకు వచ్చాడు. "అది కాదు సార్. దాంతో కాగితం కోయకూడదు. అది మా అమ్మది."

అధికారి కళ్ళద్దాలమీంచి చూశాడు. పాపం, ఆయనా దుర్మార్గుడేమీ కాదు, భోజనానికి ఆలస్యమవుతున్న మనిషి. "కత్తెరేగా" అన్నాడు. ఆ మూలకి గుండుసూది గుచ్చి ఉందని కూడా చూసుకోలేదు. బలంగా నొక్కాడు. కాగితం తెగింది, సూదీ తెగింది, నా అంచులో గంటు పడింది. ఎవరి పేరున్న పత్రమో చదవడం నాకు రాదు. కానీ ఆ గదిలో ఊపిరి పీల్చని మనిషి ఒక్కడే ఉన్నాడు.

ఇంటికొచ్చి "ఓడ పని మానేశానమ్మా, విసుగొచ్చింది" అన్నాడు పైడిరాజు. నూకరత్నం సరేనంది. సాయంత్రం వాడి పంట్లాం అంచు మడిచి కుడదామని నన్నందుకుంది. ఒక్క కోత. గుడ్డ గంటు దగ్గర పట్టుకుని పోగు లాగింది. ఆమె ఆగిపోయింది. బొటనవేలితో నా అంచు తడిమింది.

"ఒరే పైడిరాజూ. దీంతో కాగితం కోసినారు."

వాడు అటు తిరిగి బూట్లు విప్పుకోసాగాడు.

"కాగితం ఒక్కటే కాదు, సూదో మేకో కూడా. ఎవడ్రా కోసింది? నువ్వు కొయ్యవు. నాకు తెల్సు, నువ్వు కొయ్యవు."

అప్పుడు వాడు నేలమీద కూలబడి, మూల తెగిన ఆ పత్రం తీసి ఆమె ఒళ్ళో పెట్టి, అంతా చెప్పాడు. గారెత్ సంగతి, చొక్కాల సంగతి. ఆమెకి ఇంగ్లీషు చదవడం రాదు. తెగిన మూల మాత్రం దర్జీ కూతురికి ఎవరూ చదివి చెప్పక్కర్లేదు.

"నా సొక్కా సూసి పట్టుకున్నారా?"

"సొక్కా లేకపోయినా పట్టుకుందురమ్మా."

ఆమె వాడు తెచ్చుకున్న గళ్ళచొక్కా తీసి, మడిచి పక్కన పెట్టింది. "గారెత్ ఎక్కడున్నాడు?"

"రైలు స్టేషన్లో. ఇంట్లోకి రావడానికి భయపడతన్నాడు."

"ఎల్లి తీసుకురా. పులుసు సల్లారిపోతాది."

ఊళ్ళోకి సాన పట్టేవాడు వచ్చినప్పుడల్లా పక్కింటి ఆడవాళ్ళు నన్ను సానకి ఇమ్మనేవారు. నూకరత్నం ఇవ్వలేదు. "ఆల్లు కాగితం సరిజేసినాక, అప్పుడు నాను దీనికి సాన పట్టిస్తాను. ముందు ఆల్లు" అనేది. నన్ను పాత బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి మూత వేసింది. అప్పటినుంచి నేను చూసిన లోకం ఆ మూత తీసినప్పుడే, మిగతాదంతా వాళ్ళు చెప్పుకుంటుంటే విన్నదే.

కొడుకులిద్దరూ, ఆమె ఇద్దర్నీ కొడుకులనే అనేది, పక్కవీధిలో గది తీసుకున్నారు. ఒకడు చేపల తొట్లు కడిగాడు, ఒకడు బస్సులు కడిగాడు. నవంబరులో ఆ ఊళ్ళో చనిపోయిన సైనికులను తలుచుకునే రోజుంది. పాత నావికులంతా టోపీలు పెట్టుకుని, పతకాలు తగిలించుకుని వరసగా నడుస్తారు. దారికి ఇటూ అటూ తాడు కడతారు. ఏటా వీళ్ళిద్దరూ తాడు ఇవతలే నిలబడేవారు. నూకరత్నం వాళ్ళ మధ్య నిలబడి, నడిచేవాళ్ళ చేతుల మీద పట్టీలు చూసి, "అది నా కుట్టే" అనేది. పట్టీ కుట్టిన చేయి తాడు ఇవతల ఉంది, కన్న కొడుకూ తాడు ఇవతలే ఉన్నాడు. వాణ్ని ఒక్కసారి ఆ వరసలో చూడాలి, అదే ఆమె కోరిక. మరేమీ అడగలేదు ఆ మనిషి.

చాలా ఏళ్ళకి నియమం మారింది. రేడియోలో చెప్పారట. నూకరత్నం డబ్బా మూత తీసి నన్ను చూసుకుని, "అయితే రేపు పిలుస్తారేటిరా?" అంది.

"పిలవరమ్మా. కొత్తోల్లకి మారింది. మన కాగితాలు మనం అడిగితేనే మారుస్తారు."

"అడుగు మరి."

"నానెందుకు అడగాల? తప్పు సేసినోడు అడగాల గానీ."

వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే ఆమె డబ్బా మూత వేసి లేచి వెళ్ళింది. అలా ఇంకొన్నేళ్ళు గడిచాయి. ఇంతలో గారెత్ ఊపిరితిత్తులు చెడ్డాయి. వాడు పోయినప్పుడు, పాత నావికుడికి కప్పే జెండా వాడి శవపెట్టెమీద కప్పలేదు. వాడిదీ మూల తెగిన పత్రమే కదా. ఉత్త చెక్కపెట్టె వానలో తడుస్తుంటే నూకరత్నం తన శాలువా తీసి కప్పింది. ఇంటికొచ్చాక పైడిరాజు పెన్ను తీసుకుని కూర్చున్నాడు. తనకొకటి, గారెత్‌కొకటి, రెండు అర్జీలు రాశాడు.

పైడిరాజుకి జవాబొచ్చింది. కొత్త పత్రం, నాలుగు మూలలతో. పతకం కూడా. క్షమించమని ఒక మాట రాసి ఉందట. పైడిరాజు చదువుతుంటే నూకరత్నం నాలుగు మూలలూ ఒక్కొక్కటీ వేలితో తడిమింది, నా గంటు తడిమినట్టే.

గారెత్‌ది రాలేదు. పోయినవాడి తరఫున రక్తసంబంధీకులు సంతకం పెట్టాలట. ఉన్నది ఆ అక్క ఒక్కతే. పైడిరాజు ఫోను చేస్తే "మా ఇంట్లో ఆ పేరు ఎత్తం" అని పెట్టేసింది. నూకరత్నం ఊరుకుంటుందా? "ఆడికి సొక్కా కుట్టినాను, పులుసు పోసినాను, ఆడి పెట్టి మీద నా సేలువా కప్పినాను. నాకంటే సుట్టం ఎవుత్తి? ఆ కాగితం ఇలా తే, ఏలిముద్ర నాను ఏస్తాను." ఆమె వేలిముద్ర వేసింది కూడా. చెల్లదని తిరిగొచ్చింది.

ఆ నవంబరు పైడిరాజు వరసలో నడిచాడు. చక్రాల కుర్చీలో తాడు దగ్గర నూకరత్నం, ఆమె ఒళ్ళో డబ్బా, డబ్బాలో నేను. మూత తీసే ఉంచింది. వాడు ఎదురుగా వచ్చేసరికి చలిగాలికి కోటు కాలరు తొలగింది. లోపల ఆకుపచ్చ గళ్ళు. ఆమె కుర్చీలో ముందుకు వంగింది.

"అది నా పైడిరాజుది కాదు" అంది మెల్లగా. "ఆడిది మోచేతులు సిరిగి ఎప్పుడో పారేసినాం. కాలరు అరిగిపోతే ఇప్పి, తిరగేసి కుట్టినాను సూడు, అది గారెత్‌ది."

వరసలో ఒక్కడు నడిచాడని జనం అనుకున్నారు. ఆమెకీ నాకూ తెలుసు ఎందరు నడిచారో.

ఇంటికొచ్చాక పైడిరాజు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. "అమ్మా, నీ మాట నెరవేరింది. ఇప్పుడు సాన పట్టిద్దామా?"

ఆమె నన్ను లాక్కుంది. "ఇది కోసింది రెండు సొక్కాలు రా. ఒకడి కాగితమే సరయింది." తిరిగి డబ్బాలో పెట్టి మూత నొక్కింది.

నూకరత్నం ఆ చలికాలం దాటలేదు. పైడిరాజు ఏటా ఆ అక్కకి ఒకసారి ఫోను చేస్తాడు. ఆమె ఏటా పెట్టేస్తుంది. ఈ మధ్య మాత్రం పెట్టేముందు కాసేపు ఆగుతోందట. ఆ ఆగడం కోసమే మళ్ళీ చేస్తానంటాడు. నేను గంటుతోనే ఉన్నాను. గుడ్డ కోయడానికి పనికిరాను.

ఈ డబ్బా మూత తీశావు కదా, నువ్వు నన్ను సాన పట్టించవద్దు తల్లీ, ఆ పని నీది కాదు. నీకు నేనిచ్చే పని ఒక్కటే. ఎక్కడైనా నలుగురు కూర్చున్నప్పుడు, చలేస్తున్నప్పుడు, ఈ మాట చెప్పు. గారెత్ అని ఒకడుండేవాడు, సముద్రం మీద వంట చేసేవాడు, విజయనగరం నూకరత్నం వాడికి చొక్కా కుట్టింది అని చెప్పు. పేరు మరిచిపోకు. ఏదీ, ఒకసారి నా ఎదురుగా అను.