మునుపటి మనిషి

చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఏడుస్తున్నాను. మా ఆయన వచ్చి చూసి, "కాలర్ మీద తడి పడుతోంది, చూసుకో" అని వెళ్ళిపోయాడు.

ఆరు నెలలుగా ఇదే వరస. బడిలో హాజరు పిలుస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఏ పేరు దాకా వచ్చానో గుర్తుండేది కాదు. అది చూసి తోటి టీచరు నన్ను కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఇంట్లో తెలిసింది. "మా కాలంలో ఏడవడానికి తీరికెక్కడిదమ్మా" అంది అత్తగారు, నేను కలిపిచ్చిన కాఫీ తాగుతూ. మా ఆయన తనకొచ్చిన వైద్యం మొదలుపెట్టాడు. రోజూ పొద్దున్నే పక్కగదిలోంచి, సూర్యుడి బొమ్మ మీద 'నవ్వుతూ బతుకు' అని వాట్సాప్ పంపేవాడు. దాని కిందే 'టిఫినైందా' అని అడిగేవాడు.

కౌన్సెలర్ మాత్రం ఒక పుస్తకం చదవమంది. మనసులో మెదిలిన మాటలు నోట్‌బుక్‌లో రాసుకోమంది. శనివారాలు కలుసుకునే ఆడవాళ్ళ బృందం చిరునామా, మరీ తట్టుకోలేనప్పుడు చెయ్యడానికి ఒక ఫోన్ నంబరు ఇచ్చింది. "నేను వారానికో గంటే కదా. మిగతా వారమంతా మీకు తోడు కావాలి" అంది.

ఆ నోట్‌బుక్ మా ఆయన చదివాడు. చదివి ఊరుకోలేదు, ఆడపడుచుకి ఫోన్లో వినిపించాడు. "'ఇవాళ నన్నెవరూ పేరు పెట్టి పిలవలేదు'ట, విన్నావా" అని ఇద్దరూ ఒకటే నవ్వు. వంటింట్లో నిలబడి అంతా విన్నాను. శనివారం ఆ వాక్యమే బృందంలో చదివితే ఎవరూ నవ్వలేదు. బట్టలు కుట్టే పెద్దావిడ మాత్రం, "నయం. మా ఇంట్లో నా పేరు 'ఇదిగో'" అంది. అప్పుడు అందరం నవ్వాం. ఎన్నాళ్ళకో నాకూ నవ్వొచ్చింది.

నేను నవ్వడం మా ఆయనకి అనుమానమైంది. ఆదివారం నాతోపాటు తనూ కౌన్సెలర్ దగ్గరికి బయల్దేరాడు. కూర్చోగానే, "నాకు నా మునుపటి మనిషి కావాలండి" అన్నాడు.

"మునుపు ఎలా ఉండేవారు?" అని అడిగిందామె.

ఆలోచించాడు. పన్నెండేళ్ళ కాపురం. ఏం చెప్తాడోనని, సిగ్గు లేకుండా, నేనూ ఆశగానే చూశాను.

"అన్నీ వేళకి అయ్యేవండి" అన్నాడు.

ఈ మనిషి మాటకా నేనిన్నాళ్ళూ కుమిలిపోయింది అనిపించింది. లేచి తలుపు తీసి, "మీరు ఇంటికెళ్ళండి" అన్నాను.

"మరి భోజనం?"

"వండుకుని, అత్తయ్యకి కూడా పెట్టండి" అని తలుపు వేశాను.