మాస్టారి ఉదాహరణలు

మాస్టారు ఇంటి ముందుగదిలో ఇంగ్లీషు ట్యూషన్ చెబుతారు. ఒకరి కంటే ఒకరు ఎక్కువా తక్కువా అని పోల్చే పాఠం వచ్చిందంటే ఆయనకిక పుస్తకంతో పనిలేదు. "పెద్దమ్మాయ్, చిన్నమ్మాయ్, ఇలా రండి!" అని కేకేసేవారు. కూతుళ్లిద్దరూ వచ్చి బోర్డు పక్కన నిలబడాల్సిందే.

'టాలర్' వరకూ పెద్దదానికి బాగానే ఉండేది. ఆ తర్వాత 'ప్రెట్టియర్' చిన్నది, 'స్మార్టర్' చిన్నది, ఆఖరికి 'కైండర్' కూడా చిన్నదే! పెద్దదాని వాటాకి 'స్లోయర్', 'డల్లర్' మిగిలేవి. పిల్లలు గొల్లుమనేవారు. కన్నతండ్రి అనాల్సిన మాటలేనా అవి! చిన్నది మాత్రం వీపు వెనకనుంచి అక్క చెయ్యి గట్టిగా పట్టుకునేది.

"పట్టించుకోకే అక్కా, నాన్న నోరు అంతే" అనేది లోపలికొచ్చాక.

ఒక్కసారైనా నాన్న తనని ఒక్కదాన్నే నిలబెట్టి ఓ మంచిమాట అంటే బాగుండునని పెద్దది ఎన్నిసార్లు అనుకుందో.

నిరుడు చిన్నదానికి జ్వరం వచ్చింది. చూస్తూ చూస్తుండగానే చేతుల్లోంచి జారిపోయింది. మాస్టారు ట్యూషన్ మానేసి గోడకేసి చూస్తూ కూర్చున్నారు. పెద్దదే బతిమాలి బతిమాలి మళ్లీ మొదలుపెట్టించింది.

ఇవాళ ఆ పాఠం రానే వచ్చింది. మాస్టారు అలవాటు కొద్దీ వంటింటి వైపు తిరిగి, "పెద్దమ్మాయ్, చిన్న..." అన్నారు. సుద్దముక్క చేతిలోంచి జారి కింద పడింది.

పెద్దది తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, తనెప్పుడూ నిలబడే చోటే నిలబడింది. పక్కన ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలింది.

ఆయన ఆమెవైపు చూశారు. వంగి సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద 'మై డాటర్ ఈజ్ గుడ్' అని రాశారు.

"నువ్వు మంచిదానివి తల్లీ" అన్నారు.

పెద్దదాని గుండె చెరువైపోయింది. అన్నేళ్లు ఎదురుచూసిన మాట, వస్తే ఇలాగా రావడం! ఆయన చేతిలో సుద్ద అందుకుని, కింద 'మై సిస్టర్ ఈజ్ కైండర్ దేన్ మీ' అని రాసింది. రాశాక ఆమె చెయ్యి తనంతట తనే వీపు వెనక్కి పోయింది. పట్టుకునేవాళ్లెవరూ లేరు.

"దాన్ని కూడా నిలబెట్టు నాన్నా. ఒక్కదాన్నే ఇక్కడ నిలబడలేకపోతున్నాను" అంది.